సంజీవిని కోసం వెదుకులాట

రాజపాళయం ఊరిలో ఒక చిన్న కొండ ఉంది. దాని పేరు సంజీవి కొండ. ఆ పేరు వినగానే మనకు రామాయణ కథ గుర్తుకు వస్తుంది. యుద్ధరంగంలో లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు ఆంజనేయుడు ఓషధి కోసం వెళ్లాడు. అన్ని మొక్కల నడుమ సంజీవిని ఏదో గుర్తుపట్టలేక పర్వతాన్నే పెకలించి తెచ్చాడు. ప్రాణం నిలపాలన్న తపన ఎంత గొప్పదో ఈ కథ చెబుతుంది. ఏ ఆకు ప్రాణం నిలుపుతుందో గుర్తుపట్టడం ఎంత కష్టమో కూడా చెబుతుంది. వైద్యశాస్త్ర చరిత్రలో చాలా భాగం ఇలా గుర్తుపట్టే ప్రయత్నమే. కాన్సర్ విషయంలో ఆ ప్రయత్నం ఎలా సాగిందో, అందులో ఒక తెలుగువాడూ, మన పెరళ్లలో పూసే ఒక పూలమొక్కా ఎలా పాలుపంచుకున్నారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా కాన్సర్ అంటే ఏమిటో చూద్దాం. రాజపాళయంలో నూలు మిల్లును ఎరుగనివారు ఉండరు. మిల్లులో వేలాది కదుళ్లు ఒక క్రమంలో తిరుగుతాయి. ఎక్కడైనా దారం తెగితే పనివారు వచ్చి అతుకుతారు. కండె నిండగానే ఆ కదురు ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే నూలంతా చిక్కుపడి, పక్క కదుళ్ల పని కూడా చెడిపోతుంది. మన శరీరం కూడా అలాంటిదే. అది లక్షల కోట్ల కణాల సముదాయం. అవసరమైనప్పుడు కణం రెండుగా చీలి కొత్త కణాలను ఇస్తుంది. అవసరం తీరగానే ఆగుతుంది. పాడైతే తనను తాను బాగుచేసుకుంటుంది, లేదా నశిస్తుంది. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆదేశాలు జన్యువులలో ఉంటాయి. ఈ జన్యువులు ప్రతి కణంలోని 46 క్రోమోజోములలో అమరి ఉంటాయి.

ఈ ఆదేశాలలో తప్పులు దొర్లినప్పుడు కణం ఆగడం మరచిపోతుంది. పొగాకులోని విషపదార్థాలు, కొన్ని కిరణాలు, కొన్ని వైరసులు ఈ తప్పులకు కారణమవుతాయి. కణం చీలేటప్పుడు ఆదేశాలను నకలు రాసుకుంటుంది. ఆ నకలులోనే పొరపాటు జరగడం కూడా ఉంది. వయసు పెరిగినకొద్దీ ఇలాంటి పొరపాట్లు పోగవుతాయి. అదుపు తప్పిన కణాలు గుంపుకట్టి, పక్క అవయవాలలోకి చొచ్చుకుపోతాయి. ఇదే కాన్సర్. ఇది ముట్టుకుంటే అంటే జబ్బు కాదు. పూర్వజన్మ పాపఫలం అంతకన్నా కాదు. రోగిని వేరుగా కూర్చోబెట్టడం, కంచం వేరు చేయడం అజ్ఞానం మాత్రమే.

కాన్సర్ అన్ని వయసులవారికీ వస్తుంది. పిల్లలలో ఎక్కువగా కనిపించేది రక్త కాన్సర్. దీనినే లుకేమియా అంటారు. ఎముకల లోపలి మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. అక్కడ ముదరని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. బిడ్డ పాలిపోతాడు. జ్వరం విడవదు. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుంది. ఇరవయ్యవ శతాబ్దం నడిమి వరకు తీవ్రమైన లుకేమియాకు మందు లేదు. వ్యాధి బయటపడిన కొన్ని వారాలలో, మహా అయితే కొన్ని నెలలలో పసిప్రాణం పోయేది. తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం తప్ప వైద్యులకు వేరే దారి ఉండేది కాదు.

ఆ దారిని తెరవడంలో పాలుపంచుకున్న తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. చదువులో మొదట తడబడ్డాడు. రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో మెట్రిక్యులేషను పూర్తిచేశాడు. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్స గదికి సైతం ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లాడు. అది ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1920లలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశాడు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపైన కూడా ముఖ్యమైన పరిశోధనలు చేశారు. 1940లో సుబ్బారావు లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు. అక్కడే ఆయన దృష్టి ఫోలిక్ ఆమ్లం మీద నిలిచింది.

ఈ ఫోలిక్ ఆమ్లం కథ కూడా మన దేశంలోనే మొదలయింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలను పరీక్షించింది. వారిలో చాలామంది తీవ్రమైన రక్తహీనతతో బాధపడేవారు. ఈస్టు సారం తినిపిస్తే వారి రక్తం బాగుపడుతున్నదని ఆమె 1931లో ప్రకటించింది. అందులో ఏదో పోషక పదార్థం ఉన్నదన్నమాట. పది సంవత్సరాల తరువాత అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అలాంటి పదార్థాన్నే వేరుచేశారు. ఆకులో దొరికింది కనుక ఆకు అనే అర్థం గల లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలోనే తయారుచేసే విధానాన్ని సుబ్బారావు బృందం 1945లో సాధించింది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా ఆ మందు పనిచేసింది.

ఇక్కడ కథ ఒక వింత మలుపు తిరిగింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. రక్తహీనతను పోగొట్టే ఫోలిక్ ఆమ్లం లుకేమియాను కూడా తగ్గిస్తుందేమోనని ఆయన ఆశించాడు. పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా ముదిరినట్లు కనిపించింది. ఆయన నిరాశపడి ఊరుకోలేదు. ‘ఈ పదార్థం తిని కాన్సర్ కణాలు పెరుగుతున్నాయి. అయితే దీనిని వాటికి అందకుండా చేస్తే?’ అని ఆలోచించాడు. తప్పిన ప్రయోగమే కొత్త ప్రశ్నను ఇచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు సుబ్బారావు బృందం దగ్గర ఉంది. వారు ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన కొన్ని పదార్థాలను తయారుచేశారు. తాళం చెవిని పోలిన మరో చెవిని ఊహించండి. అది తాళంలో దూరుతుంది గాని తిరగదు. అసలు చెవికి చోటూ ఇవ్వదు. అమినోప్టెరిన్ అనే మందు అలాంటి దొంగ చెవి. కణంలో ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకునే యంత్రాంగానికి అది అడ్డుపడుతుంది. చీలడానికి కావలసిన సరుకు అందక కాన్సర్ కణం నశిస్తుంది.

ఫార్బర్ ఆ మందును 16 మంది పిల్లలకు ఇచ్చాడు. వారిలో 10 మందికి మేలు కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రకటించారు. లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు. అయితే ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టింది. అయినా మందుతో లుకేమియాను వెనక్కు నెట్టవచ్చునని మొదటిసారి రుజువయింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ అనే మందు నేటికీ ప్రపంచమంతటా కాన్సర్‌కు, కొన్ని కీళ్ల జబ్బులకు వాడుకలో ఉంది. బోదకాలుకు కారణమైన క్రిములను చంపే హెట్రజాన్ కూడా ఆయన నాయకత్వంలో వచ్చినదే. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఇక మన పూలమొక్క సంగతి. బిళ్ళగన్నేరు మీకు తెలుసు. తమిళంలో నిత్యకల్యాణి అంటారు. ఎండకు ఓర్చి, ఏడాది పొడుగునా గులాబిరంగు, తెల్లని పూలు పూస్తుంది. ఈ ఆకు మధుమేహానికి పనిచేస్తుందని కొన్ని దేశాలలో నమ్మకం ఉండేది. 1950లలో కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ నమ్మకాన్ని పరీక్షించారు. మధుమేహం మీద ప్రభావం కనిపించలేదు. కాని ఎలుకల రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి. తెల్లకణాలు హద్దుమీరి పెరిగే లుకేమియాకు ఇదే మందు కావచ్చునని వారు గ్రహించారు. ఆ విధంగా విన్‌బ్లాస్టిన్, దాని తరువాత మరి కొందరి కృషితో విన్‌క్రిస్టిన్ అనే మందులు వచ్చాయి. అయితే ఒక హెచ్చరిక. ఈ మొక్క విషపూరితం. ఆకు నమలడం వల్ల కాన్సర్ తగ్గదు, ప్రాణాపాయం కలుగవచ్చు. ఎన్నో ఆకుల నుండి చిటికెడు మందును వేరుచేసి, మోతాదు తూచి ఇచ్చినప్పుడే అది సంజీవిని అవుతుంది.

ఒక్క మందుకు లొంగని వ్యాధికి 1960లలో వైద్యులు నాలుగైదు మందులను కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకదానిని తప్పించుకున్న కణాన్ని మరొకటి పట్టుకుంటుంది. దీనితో నిజమైన విజయం లభించింది. మంచి వైద్య సదుపాయం ఉన్నచోట నేడు పిల్లలలో ఎక్కువగా వచ్చే లుకేమియా నుండి పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటపడుతున్నారు.

కాని ఈ మందులకు ఒక లోపం ఉంది. వేగంగా చీలే ఏ కణాన్నయినా ఇవి దెబ్బతీస్తాయి. అందుకే రోగికి జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, నోరు పూస్తుంది. ఆంజనేయుడు కొండనంతా తెచ్చినట్లు, ఇక్కడ ఒక్క శత్రువు కోసం ఊరినంతా కుదపవలసి వస్తున్నది. శత్రువును మాత్రమే గుర్తుపట్టే మార్గం లేదా?

ఆ మార్గాన్ని జన్యుశాస్త్రం చూపింది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రకం లుకేమియా రోగుల కణాలలో అసాధారణంగా చిన్నదైన క్రోమోజోమును గమనించారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారైనందువల్ల అలా జరుగుతున్నదని జానెట్ రౌలీ 1973లో నిరూపించింది. ఆ తారుమారుతో పుట్టిన తప్పుడు జన్యువే కణాన్ని ‘పెరుగు, పెరుగు’ అని తొందరపెడుతుంది. ఆ ఒక్క ఆదేశాన్ని ఆపే ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో అమెరికాలో ఆమోదం పొందింది. ఎందరో రోగులు రోజూ ఆ మాత్ర వేసుకుంటూ తమ పనులు తాము చేసుకుంటున్నారు. విదేశీ సంస్థ మందు అప్పట్లో నెలకు లక్ష రూపాయలు దాటేది. మన దేశంలో తయారైన అదే మందు పదివేల లోపే దొరికేది. విదేశీ సంస్థ కోరిన పేటెంటును మన సుప్రీంకోర్టు 2013లో నిరాకరించింది. మందు కనిపెట్టడం ఎంత ముఖ్యమో, అది పేదవాని చేతికి అందడం కూడా అంతే ముఖ్యం.

ఇటీవలి ముందడుగు మరొకటి ఉంది. మన రక్తంలో శత్రువులతో పోరాడే టి కణాలు ఉంటాయి. కాన్సర్ కణం సొంత శరీరానిదే కనుక అవి దానిని తరచుగా పోల్చుకోలేవు. రోగి రక్తం నుండి టి కణాలను బయటికి తీసి, వాటిలో కొత్త జన్యువును చేర్చి, కాన్సర్ కణం మీది గుర్తును పోల్చుకునేలా చేసి, తిరిగి రోగికి ఎక్కిస్తారు. ఇలాంటి చికిత్సను బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి మన దేశంలోనే రూపొందించాయి. నెక్స్‌కార్19 అనే ఆ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. కొన్ని రకాల రక్త కాన్సర్లకు దీనిని వాడుతున్నారు.

ఎంత గొప్ప మందు ఉన్నా, వ్యాధిని సకాలంలో గుర్తించకపోతే ప్రయోజనం తక్కువ. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు కాన్సర్‌తో మరణించింది. ఆ దుఃఖాన్ని ఆమె దీక్షగా మార్చుకున్నది. 1954లో మద్రాసు అడయారులో పన్నెండు పడకలతో కాన్సర్ ఆసుపత్రిని ప్రారంభించింది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, 1955లో చేరిన డాక్టర్ వి. శాంత దానిని పెద్ద సంస్థగా పెంచారు. 2021లో మరణించేవరకు శాంత జీవితమంతా ఆ సంస్థకే అంకితం. కాన్సర్‌ను చూసి భయపడి దాచుకోవడం కంటే ముందుగా పరీక్షించుకోవడమే మేలని ఆమె నిరంతరం బోధించింది.

నోటిలో మానని పుండు, ఒంటిలో కొత్తగా తగిలే గడ్డ, కారణం లేని రక్తస్రావం, విడవని జ్వరంతో పాటు పాలిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని చూడాలి. ఇవన్నీ కాన్సర్ గుర్తులే అని కాదు, అవునో కాదో తేల్చుకోవాలని అర్థం. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ‘ముక్క తీస్తే జబ్బు పాకుతుంది’ అనే భయంతో చాలామంది ఈ పరీక్షకు వెనుకాడతారు. ఆ భయంతో పోగొట్టుకునే నెలలే ప్రాణాంతకమవుతాయి. పొగాకును, గుట్కాను దూరంగా ఉంచితే ఎన్నో కాన్సర్లు రాకుండానే నివారించవచ్చు. స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు ఒక వైరస్ కారణం. దానిని అడ్డుకునే టీకా మన దేశంలోనే తయారవుతున్నది.

రాజపాళయం, పక్కనున్న చత్రపట్టి మగ్గాల మీద నేసిన గాజుగుడ్డ, కట్టుగుడ్డ ఎన్నో ఆసుపత్రులకు వెళుతుంది. ఎవరి గాయానికి కడతారో నేసినవారికి తెలియదు. అయినా శ్రద్ధగా నేస్తారు. సుబ్బారావు కూడా తన మందుతో బతికే బిడ్డలను చూడలేదు. విద్యార్థులారా! రెండుసార్లు పరీక్ష తప్పిన బాలుడే ఇంత పని చేశాడు. మీలో ఎవరైనా రేపు ఆ వెదుకులాటను ముందుకు తీసుకుపోవచ్చు. ఈలోగా మీ ఇంటిలో మానని పుండును దాచుకునే అవ్వనో తాతనో ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్లడం మీరు ఈనాడే చేయగల పని.

అర్థాలు

ఓషధి – మందుగా ఉపయోగపడే మొక్క
కదురు – నూలు వడికే ఇరుసు
మూలుగ – ఎముక లోపలి మెత్తని పదార్థం
గాజుగుడ్డ – గాయాలకు కట్టే పలుచని బట్ట

ప్రశ్నలు

1. కాన్సర్ కణానికి, మామూలు కణానికి భేదమేమి?
2. ఫార్బర్ మొదటి ప్రయోగం తప్పిపోవడం వల్ల కలిగిన మేలు ఏమిటి?
3. అమినోప్టెరిన్‌ను ‘దొంగ చెవి’ అని ఎందుకన్నారు?
4. బిళ్ళగన్నేరు ఆకును నేరుగా ఎందుకు తినకూడదు?
5. కాన్సర్ గురించి మీ వీధిలో ప్రచారంలో ఉన్న అపోహలను తెలుసుకొని, వాటికి సమాధానాలు రాయండి.