సైకిల్ ఫ్రేముకు పెయింటా, పౌడర్ కోటింగా?

మా అబ్బాయి సైకిల్ గరాజ్ సేల్‌లో కొన్నది. పాత స్టీల్ ఫ్రేము, గట్టిదే, కానీ అక్కడక్కడా రంగు లేచిపోయి తుప్పు కనిపించేది. రెండేళ్ళ కిందట నేనే ఇసుక కాగితంతో పైపైన రుద్ది, స్ప్రే క్యాన్‌తో నీలం రంగు వేశాను. కొత్త సైకిలులా మెరిసింది. మేముండేది న్యూజెర్సీలో. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వసంతం వచ్చేసరికి పెడల్ దగ్గర రంగు బుడగల్లా ఉబ్బింది. గోటితో గీరితే పొర ఊడి వచ్చింది, కింద అంతా తుప్పు. పిల్లాడు ఎక్కే బండి కదా, గుండె ఝల్లుమంది.

ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి ఇనుము త్వరగా తుప్పు పడుతుందని బీఎస్సీలో చదువుకున్నదాన్నే. పైగా నేను తుప్పును తీయలేదు, రంగు కింద దాచాను. ఈసారి పౌడర్ కోటింగా, మళ్ళీ పెయింటేనా అని తేల్చుకోవడానికి తెలుసుకున్న విషయాలివి.

పెయింటులో రంగు, రెసిన్ ఒక ద్రావణిలో కలిసి ఉంటాయి. ద్రావణి ఆవిరైపోగా పొర మిగులుతుంది. పౌడర్ కోటింగులో ద్రావణే ఉండదు. పొడికి విద్యుదావేశం ఇచ్చి, ఎర్త్ చేసిన ఫ్రేము మీదికి చిమ్ముతారు. చలికాలంలో స్వెటర్ విప్పితే వెంట్రుకలు అంటుకున్నట్టు పొడి ఫ్రేముకు అంటుకుంటుంది. తర్వాత పెద్ద ఓవెన్‌లో సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. మన వంటింటి ఓవెన్ లెక్కలో 350 నుంచి 400 ఫారెన్‌హీట్ అనుకోండి. పొడి కరిగి, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. ఉడికిన గుడ్డు మళ్ళీ ద్రవం కానట్టే, ఈ పొర తిరిగి కరగదు. మన దగ్గర ఇనప బీరువాలకూ, అల్యూమినియం కిటికీలకూ ఎక్కువగా వేసేది ఇదే.

ఈ పొర మందంగా ఉంటుంది, చిన్న చిన్న దెబ్బలకు త్వరగా లేవదు. రోజూ స్టాండుకు కట్టేసే సైకిలుకు అదే కావాలి. కానీ గొట్టాలు కలిసే లోపలి మూలల్లోకి పొడి సరిగా చేరదు, నేర్పున్న పనివాడు కావాలి. పెడల్ ఇరుసు ఉండే గొట్టం, సీటు గొట్టం, మరలు ఉండే చోట్లు ముందే మూయించాలి. లేకపోతే ఆ మందానికి భాగాలు తిరిగి బిగవవు.

ముఖ్యంగా చూడాల్సింది ఫ్రేము దేనితో చేసిందన్నది. స్టీలుకు ఆ వేడి లెక్కలోది కాదు. కార్బన్ ఫ్రేమునూ, ఫోర్కునూ మాత్రం ఆ ఓవెన్‌లో పెట్టకూడదు, రెసిన్ దెబ్బతింటుంది. జిగురుతో అతికించిన గొట్టాల ఫ్రేములకూ అంతే. అల్యూమినియం బలం తయారీలో ఇచ్చిన వేడి మీద ఆధారపడుతుంది కాబట్టి ఎంత వేడిలో, ఎంతసేపు కాలుస్తారో అడిగి, తయారీదారు ఒప్పుకుంటారో లేదో చూసుకోండి. సొట్టల్లో పుట్టీ నింపి ఉంటే అదీ చెప్పండి, వేడికి పగలవచ్చు.

పెయింటుకూ దాని చోటు ఉంది. పాతకాలపు ఫ్రేము మీది సన్నని గీతలు, రంగు కలయికలు కావాలంటే పెయింటే మేలు. గీత పడితే సరిచేయడమూ సులువు. ఒక్క జాగ్రత్త: హార్డెనర్ కలిపే పెయింట్లలో చాలావాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పించగలవు, దుమ్ము మాస్కు వాటిని ఆపదు. మూసిన గరాజ్‌లో వాటి జోలికి పోకండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి దాన్ని పొడిగా గీరి, ఆ దుమ్మును పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు.

మేము పౌడర్ కోటింగే చేయించాం. స్ప్రే క్యాన్ల కన్నా ఖర్చు చాలా ఎక్కువే. పాత రంగు, తుప్పు పూర్తిగా తీశాక, కొత్త పొర వేయకముందే నన్ను పిలవమన్నాను. వెళ్ళి అతుకుల దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో నేనే వేలితో తడిమి చూశాను. అక్కడక్కడా పైపై గుంటలే, పగుళ్ళు లేవు. మందమైన పొర పడ్డాక సన్నని పగులు కనిపించదు కాబట్టి ఈ పని మాత్రం ఎవరూ మానకండి.

గొట్టాల లోపలికి ఏ కోటింగూ సరిగా వెళ్ళదు, అందుకే తుప్పు రాకుండా లోపల నూనె స్ప్రే కొట్టాం. ఉప్పు రోడ్ల మీద తిరిగొచ్చిన రోజు నీళ్ళతో కడిగి తుడుస్తాం. మొన్న స్టాండుకు తగిలి ఒకచోట పొర లేచింది. అక్కడి నుంచి తడి పొర కిందకి పాకుతుంది కాబట్టి వెంటనే శుభ్రం చేసి, టచప్ పెయింట్ అద్దాను. రంగు కాస్త తేడాగానే కనిపిస్తోంది, ఫరవాలేదు.

గోడకు సున్నం వేసేముందు పాత పెచ్చులు గీకడం మా అమ్మ ఎప్పుడూ మానలేదు. నేను మానిన పని అదే. మీరు ఏది వేయించినా సరే, ముందు కింద ఉన్న తుప్పు పూర్తిగా తీయించండి.