పంది మాంసం ముట్టని ఇంట్లో పంది పురుగా?



మా పక్కవాటా వారి అబ్బాయికి తొమ్మిదో ఏడు. ఓ ఆదివారం భోజనానికి కూర్చుంటూనే కుడిచెయ్యి టకటకా కొట్టుకుని, విరుచుకు పడిపోయాడు. ఎవరో తాళంచెవులు చేతిలో పెట్టారు, ఇంకెవరో ఉల్లిపాయ వాసన చూపించారు. ఆస్పత్రిలో స్కానింగు తీసి, "పంది బద్దెపురుగు పిల్ల మెదడులో తిత్తి కట్టింది" అన్నారట డాక్టరుగారు. వాళ్ల బామ్మగారు నిర్ఘాంతపోయారు. "కోడిగుడ్డు కూడా ముట్టని ఇల్లమ్మా మాది. ఈ పురుగు ఎలా వచ్చింది?" అని నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే కదండీ!

ఈ పురుగుకు రెండు కాపురాలు. పెద్దదయ్యాక ఉండేది పందిలో కాదు, మనిషి పేగుల్లో. రిబ్బనులా పలచగా రెండు మొదలు ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది. దాని గుడ్లు వేలకొద్దీ మలంతో బైటికొస్తాయి. ఆరుబయట ఆ మలం తిన్న పంది పేగుల్లో గుడ్లు పగిలి, పిల్లలు రక్తంలో పడి, కండల్లో బఠాణీగింజంత నీటితిత్తులు కడతాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. 1855లో జర్మనీలో కూచెన్‌మైస్టర్ అనే డాక్టరు, మరణశిక్ష పడిన ఖైదీకి ఆ తిత్తులు తినిపించి, తరవాత అతని పేగుల్లో పురుగుల్ని చూపించారు.

మరి మూర్ఛ? అది మాంసంతో రాదు, గుడ్లతో వస్తుంది. పురుగున్న మనిషి మలంలోని గుడ్లు మన నోట్లో పడితే, పందిలో జరిగినట్టే మనలోనూ జరుగుతుంది. తిత్తులు కండల్లో, కంట్లో, మెదడులో చేరతాయి. పంది మాంసం మతరీత్యా నిషిద్ధమైన న్యూయార్కు యూదు కుటుంబాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చిందని 1992లో డాక్టర్లు ప్రకటించారు.

క్యాబేజీలో పురుగు మెదడుకెక్కుతుందని భయపడతాం. ఆకుల్లో కనబడే ఆకుపచ్చ పురుగుది ఏ పాపమూ లేదు. కంటికి కనబడని గుడ్లే ప్రమాదం. మురుగునీళ్లతో పండిన ఏ కూరకైనా అవి అంటుకోవచ్చు. అంచేత పచ్చిగా తినే కారట్టు, కీరా, కొత్తిమీర ధారగా పోసిన నీళ్లలో రుద్ది కడగండి. ఉడికిస్తే మరీ మంచిది. దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగడం ఇంటిల్లిపాదికీ నియమం కావాలి. పనిమనిషి ఒక్కదాన్నే అనుమానించకండి. పురుగు మన కడుపులోనైనా ఉండొచ్చు.

ఒక్క మాట. నులిపురుగుల మందే కదా అని ఇలాంటి పిల్లలకు సొంతంగా మందు వెయ్యకండి. మెదడులో తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపొచ్చి ఫిట్స్ ఎక్కువ కావచ్చు. ఏ మందు, ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి.

మూర్ఛ వస్తే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూచేతులూ అదిమి పట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పందులకు ఈ పురుగు పట్టకుండా టీకా కూడా ఉంది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనిపెట్టిన దాన్ని మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారు చేసింది. అయితే ఊరూరా మరుగుదొడ్లు వాడితేనే ఈ పురుగుకు దారి మూసుకుంటుంది.

పక్కవాటా అబ్బాయి మందులు వాడుతూ బడికెళుతున్నాడు. "గాలీ ధూళీ కాదు, ఎవరి శాపమూ కాదు" అని బామ్మగారే నలుగురికీ చెబుతున్నారు. మీరూ చెప్పండి. సెలవు.