చక్రరంపపు లోతు

చల్లపల్లి బజారులో తలుపులు, కిటికీలు చేయు దుకాణముల ముందు నడచిపోవువారికి రెండు వాసనలు తగులుచుండును. ఒకటి క్రొత్త కొయ్యపొట్టు వాసన; రెండవది మాడిన కొయ్య వాసన. మొదటిది ఇంపైనది. రెండవది వచ్చినచో, పళ్ళు మొద్దువారుటచేతనో, కోతచాలులో బిగిసికొనుటచేతనో, లోపల రంపము సరిగా నడచుట లేదని తెలిసికొనవలెను.

మన తాతల కాలమున దుంగ కోయుట ఇద్దరి పని. ఒకడు పైన, ఒకడు క్రింద నిలిచి పొడుగుపాటి రంపమును లాగుచుండెడివారు. పొట్టంతయు క్రిందివాని కన్నులలో పడెడిది. గుండ్రని రంపమును పేర్కొనిన ఒక పేటెంటును 1777లో ఇంగ్లండు దేశీయుడైన సామ్యూల్ మిల్లరు పొందెను. చేతబట్టి నడపు విద్యుత్ రంపము పుట్టుక మన పిల్లలకు మరింత రుచించును. 1921లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కూలీలు పెద్దకత్తులతో చెరకు నరకుచు అలసిపోవుట ఎడ్మండ్ మిషెల్ అనునాతడు చూచి, ఆ కత్తికి మోటారును, చిన్న చక్రరంపమును తగిలింప యత్నించెను. 1924 నాటికి అదియే వడ్రంగుల పనిముట్టుగా మారి అమ్మకమునకు వచ్చెను. చెరకుతోటల నడుమ పెరిగిన మనకు, మన యింటి ద్వారబంధములను కోసిన యంత్రము చెరకుచేనిలో పుట్టినదనుట వింతగా లేదా?

ఈ రంపమునకు అడుగున ఒక రేకుపీట యుండును. దానిని పైకిగాని క్రిందికిగాని జరిపి మీట బిగించినచో, చక్రము పలకలోనికి ఎంతలోతు దిగవలెనో అంతయే దిగును. ఆ లోతు ఎంత యుండవలెను? పలక అడుగున ఒక పన్ను ఎత్తుకు మించి కనబడరాదు. ఇంచుమించుగా అంగుళములో ఎనిమిదవ వంతు, అనగా 3 లేక 4 మిల్లీమీటర్లు చాలును. ఇంత చిన్న మాటకు ఇంత వ్రాత యేల యని అడుగుదురేమో. నేను కన్నులార చూచినది చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట వేసవి సెలవులలో, ఒక దుకాణమున నా పుస్తకముల బీరువాకై ప్లయివుడ్డు కోయించుచుంటిని. పలక మందము ముప్పాతిక అంగుళము, అనగా 19 మిల్లీమీటర్లు. రంపము మాత్రము పూర్తిలోతునకు, 65 మిల్లీమీటర్లకు, దింపబడియుండెను. దాని క్రిందిమూత పనికి అడ్డు వచ్చుచున్నదని తీగతో పైకి కట్టివేసియుండిరి. ఇరువది యేండ్లయిన లేని ఒక కుఱ్ఱవాడు కుడిచేత రంపము నడపుచు, పలక అదరకుండ ఎడమచేతితో దాని అంచును అడుగునుండి పట్టుకొనెను. రెండవ కొనను నేను పట్టుకొంటిని. కోత ముగియవచ్చునప్పటికి, సాయము చేయుచున్నాననుకొని నా కొనను కొంచెము పైకెత్తితిని. దానితో కోతచాలు పైభాగమున మూసికొని చక్రమును బిగబట్టెను. రంపము ఎగిరి వెనుకకు తన్నెను. పలక క్రింద వ్రేలాడుచున్న చక్రపుటంచు ఆ కుఱ్ఱవాని ఎడమచేతి రెండు వ్రేళ్ళ కొనలను కోసివైచెను. మచిలీపట్టణము ఆసుపత్రికి పోవు దారి పొడుగునను వాడు ఒక్కమాటయు ఆడలేదు.

తరువాత మేస్త్రిని, లోతు అంత యేల పెట్టితిరని అడుగగా, “ఎంత దిగితే అంత తేలిగ్గా కోస్తుందండీ” అనెను. ఈ మాట అనేకులు చెప్పుదురు. ఇది పూర్తిగా అబద్ధమును కాదు. కాగితముమీద గీచి చూతము.

వృత్తలేఖినితో 92 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వృత్తమును గీయుడు. వాడుకలోనున్న ఏడుంబాతిక అంగుళముల చక్రము ఇంచుమించు ఇంతయే. పలకకు గురుతుగా 19 మిల్లీమీటర్ల ఎడమున రెండు అడ్డగీతలు గీయుడు. మొదటి పటములో వృత్తము క్రిందిగీతకు 4 మిల్లీమీటర్లు మాత్రము దిగవలెను. రెండవదానిలో 46 మిల్లీమీటర్లు దిగవలెను. చక్రము ముందువైపున పళ్ళు పలక అడుగునుండి ప్రవేశించి పైకి వెలువడును. మొదటి పటములో ఒక్కొక్క పన్ను కొయ్యలో నడచు దూరము 39 మిల్లీమీటర్లు. రెండవదానిలో 21 మాత్రమే. మేస్త్రి చేతికి తేలికగా తోచుటకు కారణమిదియే.

అయితే ఆ తేలిక ఊరక వచ్చినది కాదు. మొదటి పటములో పన్ను పలక పైముఖమునుండి సుమారు 41 డిగ్రీల వాలులో వెలువడును. రెండవదానిలో 73 డిగ్రీలు, అనగా ఇంచుమించు నిట్టనిలువుగా. అట్లు లేచు పన్ను పైపొరను తెంచుటకు బదులు పెల్లగించును. ప్లయివుడ్డు అంచులు చీలి పెచ్చులూడుట మీరెల్లరు చూచినదే. కోతచాలులో ఇమిడియుండు చక్రపు పొడవు, పైముఖమున కొలిచినచో, మొదట 122 మిల్లీమీటర్లు, రెండవసారి 176. రేకు ఎంత పొడవున చాలులోనుండునో బిగిసికొనుటకు అంత యవకాశము. ఇక పలక అడుగున పళ్ళు మెరయు నిడివి మొదట 54 మిల్లీమీటర్లు, రెండవసారి ఇంచుమించు 160. నిమిషమునకు 5000 చుట్లు తిరుగు అట్టి చక్రపు పళ్ళు గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవుచుండును. పలక క్రిందనున్న భాగమును కోయువాడు చూడనేలేడు.

మరీ తక్కువ దిగినను చిక్కే. పళ్ళు పలకను దాటనిచో అడుగున సన్నని పొర తెగక నిలుచును. పొట్టు బయటపడక చాలులోనే రాపిడి పడును.

లోతు పెట్టుటకు ముందు తీగను గోడసాకెట్టునుండి ఊడదీయవలెను. మీటను నొక్కకున్న చాలునని తలంపరాదు. పిదప రంపమును కోయవలసిన పలక అంచుప్రక్కనే ఆనించి, క్రిందిమూతను వ్రేలితో ఎత్తి, రేకుపీట పలకపై సమముగా కూర్చుండునట్లు చూచి, ఒక పన్ను అడుగుదాటువరకు చక్రమును దింపి మీట బిగింపవలెను. బిగించిన పిమ్మట మరల చూడవలెను, బిగించునప్పుడు అది జరుగుట కలదు. రంపముపై చెక్కిన అంకెలను నమ్ముటకంటె పలకతో కొలుచుట మేలు. సాన పట్టినకొలది చక్రము చిన్నదగును. రంపమును 45 డిగ్రీలు వాల్చి కోయునెడల 19 మిల్లీమీటర్ల పలకయే చక్రమునకు 27 మిల్లీమీటర్లగును. ఎందుచేతనో పై తరగతులవారు రెంటి వర్గమూలమును తలచుకొని చెప్పగలరు.

పళ్ళు పైకి లేచునుగనుక చేతిరంపముతో కోయునప్పుడు పలక మంచిముఖము క్రిందికి ఉండవలెను. బల్లరంపమున నిది తలక్రిందులు. అచట ముందువైపు పళ్ళు క్రిందికి దిగును గావున మంచిముఖము పైకి ఉండవలెను. చేతిరంపమునే బోర్లించి చెక్కకు బిగించి బల్లరంపముగా వాడు దుకాణములు కొన్ని కలవు. అట్టి బల్లకు మూతయు ఉండదు, అందుబాటులో ఆపు మీటయు ఉండదు. తలిదండ్రులు తమ పిల్లలను ఆ చుట్టుప్రక్కల నిలువనీయకుందురుగాక.

ఆ కుఱ్ఱవాడు ఇప్పుడు సొంతముగా పని పట్టుచున్నాడు. ఇటీవల మా కిటికీరెక్కలు మార్చుటకు వచ్చెను. పలక మారినప్పుడెల్ల తీగ ఊడదీసి, రంపమును అంచున ఆనించి, వంగి ఒక పన్ను చూచి, మీట బిగించుచుండెను. క్రిందిమూత కట్టు లేకుండ ఆడుచుండెను. పలకల క్రింద రెండు దిమ్మెలుంచి, తెగిన ముక్క దానంతట అది ప్రక్కకు ఒరుగునట్లు అమర్చెను. అలవాటుచొప్పున నేను పలక కొన పట్టుకొనబోగా, “మీరు వదిలెయ్యండి, మాస్టారూ” అని నవ్వెను.