అడవిలో రోడ్డు: పంచాయతీలు తెలిసికొనదగిన చట్టములు

పాణ్యము నుండి నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డకు పోవు 40వ నంబరు జాతీయ రహదారి కుందూ లోయలోని చేల నడుమ సాగును. దానికి తూర్పున నల్లమల, పాణ్యమునకు పడమట ఎర్రమల కొండలు కలవు. మైదాన గ్రామములలో రోడ్డు వేయుటకు భూమియు, నిధులును సమకూరిన చాలును. కాని రోడ్డు రిజర్వు అడవి సరిహద్దు రాయిని దాటిన పిమ్మట వేరు చట్టములు వర్తించును. ఈ భేదమును గుర్తింపనిచో తీర్మానము జరిగి, నిధులు మంజూరై, కంకర తోలిన తరువాత పని ఆ రాతి కడనే నిలిచిపోవును. రోగిని మంచముపై మోసికొనివచ్చు గూడెము వారి బాధ అట్లే మిగులును. కావున ముఖ్య విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

అడవిపై అధికారమెవరిది?

గ్రామములోని రోడ్లు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి పంచాయతీకి చెందును. రిజర్వు అడవి మాత్రము ప్రభుత్వపు ఆస్తి. ఈ ప్రాంతమున పూర్వము 1882 నాటి మద్రాసు అటవీ చట్టము, పిదప 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము అమలులోనికి వచ్చినవి. అడవిని రిజర్వు చేయుటకు ముందు సెటిల్‌మెంటు అధికారి గ్రామస్థుల హక్కులను విచారించును. అంగీకరించిన దారి హక్కులు రికార్డులో చేరును. కావున తాతలనాటి బండిదారి యని నోటితో చెప్పుట చాలదు, రికార్డు చూడవలెను. అందు దారి యున్నను, నడచు హక్కు వేరు, చెట్లు కొట్టి తారు రోడ్డు వేయుటకు అనుమతి వేరు.

1980 నాటి చట్టము

1980 అక్టోబరు 25 నుండి అటవీ సంరక్షణ చట్టము అమలులోనున్నది. అటవీ భూమిని ఇతర పనులకు వినియోగింపదలచినచో, రాష్ట్ర ప్రభుత్వము సయితము ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి పొందవలెను. రోడ్డు అట్టి పనులలో నొకటి. అనుమతి రెండు దశలలో లభించును: మొదట షరతులతో సూత్రప్రాయముగా, షరతులు నెరవేరిన పిదప తుదిగా. పోయిన అడవికి బదులు అడవి పెంచుటకగు వ్యయము రోడ్డు వేయు శాఖ భరింపవలెను. ఈ చట్టము నుల్లంఘించిన వారికి 15 దినముల వరకు కారాగార శిక్ష విధింపవచ్చును.

ఇంత కట్టుదిట్టమేల యని కొందరు ప్రశ్నింతురు. బాట ఇరుకైనను దాని వెంట కలప దొంగతనము, కార్చిచ్చు, ఆక్రమణ చొరబడును. కొండవాలున మట్టి కోసికొనిపోవును. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన భూమి యెవరిదైనను ఈ చట్టము వర్తించునని తీర్పు చెప్పినది.

2023లో చట్టమునకు సవరణ జరిగి, ఆ సంవత్సరము డిసెంబరు 1 నుండి అమలైనది. ప్రభుత్వము నిర్వహించు రోడ్డు ప్రక్కనున్న అటవీ భూమిలో, జనావాసమునకు దారి కొరకు 0.10 హెక్టారు, అనగా సుమారు 25 సెంట్ల వరకు, మినహాయింపు లభించినది. అయినను అటవీశాఖకు తెలుపక పని మొదలిడుట తగదు.

గ్రామసభ చేతిలోని హక్కు

చెంచులు మొదలగు అటవీవాసుల కొరకు 2006లో అటవీ హక్కుల చట్టము చేయబడినది. అందలి 3(2) విభాగము పాఠశాల, అంగన్‌వాడి, మంచినీటి గొట్టములు, రోడ్డు మొదలగు 13 సౌకర్యములకు ప్రత్యేక మార్గము చూపినది. షరతులు మూడు: ప్రతి పనికి భూమి ఒక హెక్టారునకు లోబడవలెను, హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు, గ్రామసభ సిఫారసు ఉండవలెను.

లెక్క సులభము. 6 మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు రోడ్డునకు 0.6 హెక్టారు, అనగా సుమారు ఎకరమున్నర, కావలెను. అందు 45 చెట్ల వరకే కొట్టవచ్చును. అదే వెడల్పున రెండు కిలోమీటర్లైనచో 1.2 హెక్టార్లగును, అప్పుడు 1980 నాటి చట్టము క్రిందనే అనుమతి పొందవలెను. వెడల్పు తగ్గించిన పొడవు పెరుగును గనుక అంచనా వేయునపుడే ఇంజనీరుతో దీనిని చర్చింపవలెను.

ఒక సంగతి మరువరాదు. పంచాయతీ సభ్యుల తీర్మానము గ్రామసభ సిఫారసు కాజాలదు. ఈ చట్టము ప్రకారము గ్రామసభ యన ఊరిలోని వయోజనులందరి సభ. అందు స్త్రీలు నిరాటంకముగా పాల్గొనవలెను. గూడెము వారు రోడ్డు మరొక వైపున కావలెనన్న, ఆ మాటను వినవలెను.

అభయారణ్యములందు

నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము, నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యము కలవు. అచ్చట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కూడ వర్తించును. రోడ్డు ప్రతిపాదన జాతీయ వన్యప్రాణి మండలి పరిశీలనకు పోవలెను. ఇందుకు కాలము పట్టును గనుక ముందుగానే ప్రయత్నింపవలెను.

చేయవలసిన పనులు

మొదట సర్వేయరును, రేంజి అధికారిని వెంటబెట్టుకొని సరిహద్దు రాళ్ళు చూడుడు. రోడ్డెంత దూరము అడవిలో పోవునో, ఎన్ని చెట్లు అడ్డమో వ్రాయించుడు. అడవి తప్పించు దారి కలదేమో విచారింపుడు. చుట్టైనను అదియే త్వరగా పూర్తి కావచ్చును. పిదప గ్రామసభ జరిపి, సంతకములతో సిఫారసు పంపుడు. అనుమతి చేతికి వచ్చువరకు కంట్రాక్టరును అడవిలో అడుగిడనీయకుడు.

అడవియు, రోడ్డును రెండును గ్రామమునకు ముఖ్యమే. కుందూలో చేరు వాగులు కొన్ని ఆ అడవి నుండియే దిగుచున్నవి. ఆ అడవిని కాపాడుచు, గూడెమునకు రోడ్డు చేర్పగల పంచాయతీయే ప్రజల మెప్పు పొందును.