పక్కనున్నవాళ్లకూ ఒక శిక్షణ

మా అక్క పైచదువుకు అమెరికా వెళ్లింది. తరగతులు మొదలవకముందే యూనివర్సిటీవాళ్లు ఆమె చేత ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ పూర్తి చేయించారు. తోటి విద్యార్థిని ఎవరైనా లైంగికంగా వేధిస్తుంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలన్నది అందులోని విషయం. దీన్ని అక్కడ బైస్టాండర్ శిక్షణ అంటారు. బైస్టాండర్ అంటే తప్పు చేసినవాడూ కాదు, బాధపడినవాళ్లూ కాదు; అక్కడుండి చూసినవాళ్లు. కాలేజీలో కొత్తగా చేరేవారికి ఈ శిక్షణ ఇవ్వాలని 2013లో అక్కడ చట్టమే వచ్చింది.

"తప్పు చేసేవాడికి కదా నేర్పాలి, చూసేవాళ్లకెందుకు?" అని ఫోన్లో అడిగాను. అక్క నాకు పొగ ప్రయోగం గురించి చెప్పింది.

లతానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగమిది. కాలేజీ విద్యార్థిని ఒక గదిలో కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలకు జవాబులు రాయమన్నారు. కాసేపటికి గోడకున్న కంతలోంచి పొగ రాసాగింది. ఒంటరిగా ఉన్న 24 మందిలో 18 మంది లేచి వెళ్లి చెప్పారు. మరో విడతలో పక్కన ఇద్దరిని కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ ప్రయోగం చేసేవాళ్ల మనుషులే. పొగను పట్టించుకోవద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచారు. ఈసారి 10 మందిలో ఒక్కరే లేచారు! మిగిలినవాళ్లు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ రాస్తూనే ఉన్నారు. తర్వాత అడిగితే ఆవిరేమో అనుకున్నామని, ఏసీ నుంచి వచ్చిందేమో అనుకున్నామని చెప్పారట.

నాకు మా పాత ఊళ్లోని స్కూలు బస్సు గుర్తొచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పై తరగతి అబ్బాయి ఒకడు, కొత్తగా చేరిన అమ్మాయి పక్కన కూర్చుని రోజూ కావాలని మీదికి ఒరిగేవాడు. ఆమె కిటికీకి అతుక్కుపోయేది. బస్సులో అందరం చూశాం. ఎవరూ ఏమీ అనడం లేదు కదా, తెలిసినవాళ్లేమో అనుకున్నాను. నా ఆవిరి అదన్నమాట. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త స్కూల్లో మొదటి నెలలు ఎలా గడుస్తాయో మన బదిలీ పిల్లలకు ఒకరు చెప్పాలా? నోరు విప్పితే నాకున్న ఇద్దరు స్నేహితులూ దూరమవుతారని భయం.

ఒకరోజు ఆరో తరగతి పాప వెనక సీట్లోంచి "దీదీ, ఈ లెక్క రావట్లేదు, ఇటొచ్చి చెప్పవా?" అని హిందీలో పిలిచింది. ఆ అమ్మాయి చటుక్కున లేచి వెళ్లిపోయింది.

పాప చేసినదాన్ని శిక్షణలో దృష్టి మళ్లించడం అంటారట. కెంటకీ యూనివర్సిటీలో పుట్టిన 'గ్రీన్ డాట్' అనే శిక్షణలో ఇలాంటివి మూడు పద్ధతులు చెబుతారు. ధైర్యముంటే నేరుగా "ఆపు" అనవచ్చు. లేదా దృష్టి మళ్లించవచ్చు. రెండూ చేతకాకపోతే, చేయగలిగినవాళ్లకు చెప్పాలి. టీచరు కావచ్చు, బస్సులోని ఆయా కావచ్చు, ఇంట్లో అమ్మ కావచ్చు. నాకు ఈ మూడోదే బాగా నచ్చింది, ఎందుకంటే పిరికివాళ్లూ చేయగలరు. కొట్లాటకు దిగమని ఈ శిక్షణ ఎక్కడా చెప్పదు. అసభ్యమైన జోకుకు నవ్వకపోవడం, గ్రూపులో వచ్చిన ఫొటోను ఇంకొకరికి పంపకపోవడం కూడా ఇందులోకే వస్తాయి.

ఇదంతా పనిచేస్తుందా? కెంటకీలో 26 హైస్కూళ్లను తీసుకుని, సగం స్కూళ్లలో ఈ శిక్షణ ఇచ్చి కొన్నేళ్లు గమనించారు. శిక్షణ ఇచ్చిన స్కూళ్లలో లైంగిక హింస తగ్గింది. అయితే ఆ తేడా తెలియడానికి మూడో ఏడు రావలసి వచ్చింది. ఒక్క పూట ఉపన్యాసంతో అయ్యే పని కాదు.

మన దేశంలో ప్రతి కాలేజీలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలన్నది 2012 నాటి పోక్సో చట్టం. పిల్లలు తామే 1098కి ఫోన్ చేయవచ్చు. ప్రమాదం కళ్లెదుటే ఉంటే 112.

అంతా అయ్యాక బాధపడినవారి దగ్గరికి వెళ్లి "నేను చూశాను, నీ తప్పేం లేదు" అనడం కూడా శిక్షణలో భాగమేనట. ఆ మాట నేను ఆ అమ్మాయితో అనలేదు. ఆ వేసవిలోనే వాళ్ల నాన్నగారికీ మా నాన్నగారికీ బదిలీ అయింది. ఇప్పుడు ఆమె ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు.