చదివి నొక్కాలి

సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023లో పెద్ద కాలనీ మొదలైంది. అందులో 15,660 ఇండ్లు. బతుకమ్మ వచ్చిందంటే ఆడవాళ్లు కిందికి దిగి ఆడతారు. ఫోనులో పాట పెడితే అందరికీ వినబడదు. అందుకు వైరు లేని చిన్న స్పీకరు పనికొస్తుంది.

స్పీకరు ఆన్ చేయాలి. దాని మీది బ్లూటూత్ బటన్ నొక్కాలి. ఫోనులోనూ బ్లూటూత్ ఆన్ చేయాలి. స్పీకరు పేరు కనబడుతుంది. దాన్ని నొక్కితే రెండూ కలుస్తాయి. ఫోను 30 అడుగులు దాటితే పాట తెగిపోవచ్చు.

మరి యాప్ ఎందుకు? చార్జింగ్ ఎంత ఉందో చూపిస్తుంది. డప్పు మోతను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొన్ని రకాల్లో రెండు స్పీకర్లను కలపవచ్చు. యాప్ లేకున్నా పాట వస్తుంది.

యాప్ కావాలంటే స్పీకరు డబ్బా మీద ఉన్న పేరే ప్లే స్టోర్‌లో వెతకాలి. తెరవగానే అది కొన్ని అడుగుతుంది. ‘సమీపంలోని పరికరాలు’ అంటే స్పీకరును వెతకడానికి. ఒప్పుకోవచ్చు. ఫోనులోని నంబర్లన్నీ చూస్తానంటే? పాటకు అవి ఎందుకు? ‘అనుమతించవద్దు’ అని నొక్కాలి. బ్యాంకు వివరాలు అడిగితే ఆ యాప్‌నే తీసేయాలి.

ఇదివరకు పిల్లలు చూపిన చోట నొక్కేవారు. ఇప్పుడు అక్షరం వచ్చింది. ముందు చదవాలి. తర్వాతే నొక్కాలి.