వార్తల్లో పదం: సాకెట్

2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడమే కారణం. గేమింగ్ పీసీ కట్టుకునే కుర్రాళ్లకు ‘ఇంట్లో ఉన్న పాత డీడీఆర్4 ర్యామ్‌తోనే సరిపెడదాం’ అనిపించడం సహజం. కుదురుతుందా లేదా అన్నది చాలావరకు సాకెట్ చేతిలో ఉంది.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5కు 1718 కాంటాక్టులు. దానికి డీడీఆర్5 తప్ప పనికిరాదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. 2024లో వచ్చిన ఎల్‌జీఏ1851కు మళ్లీ డీడీఆర్5 ఒక్కటే. రెండు ర్యాములకూ పిన్నులు 288 చొప్పునే, గాటు మాత్రం వేరే చోట. బలవంతంగా నొక్కితే స్లాటు పోతుంది. సాకెట్ కలిసినా బోర్డులోని బయాస్ సాఫ్ట్‌వేర్ పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తించకపోవచ్చు. ప్రత్తిపాడు నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ షాపుల దాకా వెళ్లేవాళ్లు ఇవన్నీ కాగితం మీద రాసుకుని బస్సెక్కడం మంచిది.

గ్రాఫిక్స్ కార్డుది వేరే గొడవ. ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కదానికే 575 వాట్లు; ఎన్విడియా 1000 వాట్ల పవర్ సప్లై పెట్టమంటోంది. మే నెల గుంటూరు ఎండలో ఆ వేడి గదిలోంచి ఎటు పోవాలి? నన్నడిగితే రంగుల లైట్ల డబ్బు మంచి ఫ్యాన్లకు పెట్టాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ మాత్రం ఇలాంటి పీసీని మోయలేదు.